నాయిన తినలేని పొరలు

శనివారం పొద్దున ఏడింటికే ప్రతిభ వంటింటి గట్టు తుడిచి, పూల గుడ్డ పరిచి, దాని మీద మైదా చల్లింది. రాత్రే కలిపి నూనె రాసి పెట్టిన పిండిని ముద్దలుగా తుంచి తడిగుడ్డ కింద దాచింది. ఒక్కొక్క ముద్దనూ సన్నటి కర్రతో ఒత్తి, తర్వాత రెండు చేతుల వెనుకవైపు మీదికి తీసుకుని నెమ్మదిగా సాగదీసింది. కింద గుడ్డ మీది పూలు పైకి కనిపించేంత పలచగా రావాలి. అప్పుడే అది ఫిలో అనే కాగితమంత పలచటి పొర అవుతుంది.

"తలుపెయ్యవే. గాలి తాకితే పొర ఎండుతదని నువ్వే అంటవ్ గద" అంటూ తల్లి భూదేవి తలుపు దగ్గరికి వేసింది. ఆమె చేతిలో గిన్నెడు సంత్రా పండ్లున్నాయి. ఒక్కో తొనకు తెల్లటి నారంతా తీసి పళ్లెంలో పేరుస్తోంది.

"ఇంకో గిన్నెడు కావాలె అవ్వా. రేపటికి నలభై ముక్కలు."

ఆ నలభై ముక్కలూ ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో ఉండే ప్రసన్నలక్ష్మి గారింటికి వెళ్లాలి. వాళ్ల అమ్మాయి పుట్టినరోజు. మహారాష్ట్రలోని తమ ఊరు చంద్రపూర్ దాటి వచ్చిన మొదటి ఆర్డరు అదే. పుణెలోని ఒక పెద్ద హోటల్లో ఐదేళ్లు బేకరీ పని చేసినప్పుడు ప్రతిభ నేర్చుకున్న గ్రీకు వంటకం అది. నెయ్యి రాసిన పొర మీద పొర వేసి, మధ్యలో పాలు, గుడ్లు, బొంబాయి రవ్వతో చేసిన చిక్కటి కస్టర్డ్ పోసి, పైన సంత్రా తొనలు పేర్చి, మళ్లీ పొరలు కప్పి కాల్చాలి. అసలు పేరు బుగాత్సా. భూదేవికి ఆ పేరు నోరు తిరగక, పొరల మిఠాయి అంటుంది. వాళ్లుండే బాబూపేటలో ఇప్పుడందరూ అలాగే అంటున్నారు.

వంటింటి గడప పక్కన స్టూలు మీద తండ్రి సమ్మన్న కూర్చున్నాడు. ముక్కు కింది నుంచి మెడ దాకా ఎర్ర తువ్వాలు చుట్టుకున్నాడు. ఎనిమిది నెలల కిందట నాగ్‌పూర్‌లో ఆపరేషన్ చేసి ఎడమవైపు కింది దవడ తీసేశారు. నోటి క్యాన్సర్. అంతకు ముందు ముప్పై ఏళ్లు ఆయనకు స్టేషన్ దారిలో పాన్‌ఠేలా, రేకుల పాన్ బడ్డీ, ఉండేది. సుపారీ పలుకులు, తంబాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్ది ఖర్రా పొట్లాలు కట్టేవాడు. అమ్మినన్ని అమ్మి, తిన్నన్ని తిన్నాడు. ఆపరేషన్ ఖాయమైన వారమే ప్రతిభ ఉద్యోగం మానేసి వచ్చింది. ఇక తిరిగి వెళ్లలేదు.

కస్టర్డ్ దించగానే ఆమె మొదటి గిన్నె ఆయనకే తీసింది. పాలు పోసి పలుచన చేసి, ఉండలు లేకుండా వడగట్టి, చల్లార్చి ఇచ్చింది. సమ్మన్న గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగి, తువ్వాలు కొద్దిగా ఎత్తి, చెంచా లోపలికి పెట్టుకున్నాడు. ఇంట్లోవాళ్ల ముందు కూడా ఆయన ముఖం విప్పడు. స్నానానికి పోతే తలుపు గడియ పెట్టుకుంటాడు. ఆ ముఖం సరిగ్గా చూసింది భూదేవి ఒక్కతే.

తొమ్మిది గంటలకు అన్న సచిన్ స్నానం చేసి వచ్చాడు. సాస్తి బొగ్గు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ లారీ నడుపుతాడు. ఆ వారం అతనికి మధ్యాహ్నం డ్యూటీ. ప్రతిభ రుచి చూడటానికని కాల్చిన చిన్న ట్రేను అప్పుడే పొయ్యి నుంచి తీసింది. బంగారు రంగు పొరలు నాలుగు వేళ్ల ఎత్తున పొంగి ఉన్నాయి.

"అన్నా, తిని చెప్పు. పులుపు ఎక్కువైందా?"

సచిన్ ముక్కను చేతిలోకి తీసుకుని, పైపొర ఒలిచి, తుంచి, వేలితో నోట్లోకి తోసుకున్నాడు. మళ్లీ ఇంకో పొర ఒలిచాడు.

"గట్ల ఒలుస్తవేంది ఉల్లిగడ్డ లెక్క? కొరికి తినరాదు?"

"నాకు గిట్లనే మంచిగుంటది."

వెచ్చటి కస్టర్డ్ చెంప లోపల తగలగానే అతను కళ్లు చిట్లించాడు. గబగబా చెంబెత్తి నీళ్లు తాగాడు. వెనకాల నిలబడి ఉన్న భార్య హేమలత నవ్వుతూ అంది. "ఈయనకు వేడి పడ్తలేదు, కారం పడ్తలేదు. రెండు నెల్ల సంది ఈయన మందం వేరేగ కూర మిర్చి లేకుంట తీసి పెడ్తున్న. కడుపుల మంట అంటుండు."

మళ్లీ సాగదీయడం మొదలుపెట్టిన ప్రతిభ చేతుల మీద పొర చిరిగింది. ఆమె దాన్ని చూడలేదు. అన్న నోటినే చూస్తోంది. నాగ్‌పూర్ ఆసుపత్రిలో ఎన్నో రోజులు ఆమె వరుసలో కూర్చుంది. నోరు ఎంత తెరుచుకుంటుందో చూడటానికి వచ్చిన ప్రతి మనిషినీ డాక్టరు ముందుగా అడిగే మాట ఆమెకు కంఠతా వచ్చు.

"అన్నా, మూడు వేళ్లు నిలువుగ పెట్టి నోట్లె పెట్టుకో."

"ఎందుకు?"

"పెట్టుకో చెప్త."

"నువ్వు మిఠాయి చేస్తవా, డాక్టరీ చేస్తవా?" అంటూ సచిన్ నవ్వబోయాడు. చెల్లెలు నవ్వలేదు. హేమలత నవ్వు కూడా ఆగిపోయింది. అతను విసుగ్గా చెయ్యెత్తాడు. ఒక వేలు పోయింది. రెండోది పళ్ల దగ్గర ఆగింది. మూడో వేలు పెట్టే ప్రయత్నం కూడా చేయలేదు.

"రోజుకు ఎన్ని తింటున్నవ్?" అడిగింది ప్రతిభ.

"ఏం ఎన్ని?"

"ఖర్రా. నాకు అబద్ధం చెప్పకు."

సచిన్ చెంబును గట్టు మీద కొట్టినట్టు పెట్టాడు. "తింట. పది తింట, పన్నెండు తింట. పెద్ద బండి నడపాలె నేను. దుమ్ముల, ఎండల. జర రెప్ప వాలిందంటే బండితోని సహా గుంతల పడ్త. రెప్ప వాలకుంట ఉండాలంటే ఏం తినాలె మరి? నీ పొరల మిఠాయా?"

"నాయినను రోజు చూసుకుంట తింటున్నవా? ఆయనకు గొట్టంల పాలు పోసిన చేతులతోనే పొట్లం ఇప్పుతున్నవా?"

"నాయిన పేరు తియ్యకు! ఆ ఠేలాతోనే నువ్వు చదువుకున్నవ్, పుణె పొయ్యినవ్. నేనేం చేసిన? బడి ఇడిసిపెడితే సీద ఠేలాకు. పన్నెండేండ్లు నాకు అప్పుడు. తంబాకు ఎంత వెయ్యాలె, సున్నం ఎంత రాయాలె, ఎంతసేపు రుద్దాలె, అంత చేతులు పట్టుకోని నేర్పిండు. మంచిగ కలిసిందో లేదో నోట్లె ఏస్కోని చూడమన్నడు. నేను ఎవరి దగ్గర నేర్సుకున్ననో నన్ను అడుగుతవేంది? గా స్టూలు మీద కూసున్నడు, ఆయన్ని అడుగు!"

"అరే సచిన్!" భూదేవి అరిచింది. ఆమె ఒళ్లోని పళ్లెం జారి తొనలన్నీ నేల మీద పడ్డాయి.

హేమలత కొంగుతో నోరు మూసుకుని ఏడుస్తోంది. "ఇంకోటి కూడ చెప్పు నీ చెల్లెకు. ఒకటో తారీఖు సంది నీ దోస్తు ప్రమోద్ ఆ మూసిన ఠేలా మళ్ల తెరుస్తడంట గద. తాళంచెవి ఇచ్చినవంట గద. ప్రమోద్ భార్య చెప్పేదాక నాకు తెల్వదు."

గడప దగ్గర స్టూలు కదిలిన చప్పుడైంది. సమ్మన్న లేచి వచ్చాడు. కొడుకు ఎదురుగా నిలబడి, మెడ దగ్గర ముడి విప్పి, తువ్వాలు తీసేశాడు.

ఎడమ చెంప ఉండాల్సిన చోట ఒక గుంట ఉంది. ఛాతీ మీది నుంచి తెచ్చి కుట్టిన తోలు వేరే రంగులో ముడుతలు పడి ఉంది. కింది పెదవి ఒక పక్కకు జారి, చొంగ కారుతోంది. సమ్మన్న దాన్ని తుడుచుకోలేదు. సచిన్ కుడిచెయ్యి పట్టుకుని, వేళ్లను ఆ గుంటలో పెట్టి నొక్కాడు. లోపల ఎముక లేదు. సచిన్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. తండ్రి వదలలేదు.

"ఒద్దు... కొకా" అన్నాడు సమ్మన్న. వద్దు కొడకా అనడమది. నాలుక సగమే తిరుగుతుంది. ఇంట్లోవాళ్లకు తప్ప బయటివాళ్లకు ఆయన మాట తెలియదు.

సచిన్ అలాగే కిందికి జారి, తండ్రి కాళ్లు చుట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పయింది నాయినా. నోట్లెకెల్లి వొచ్చింది. తప్పయింది."

సమ్మన్న తల అడ్డంగా ఊపాడు. కొడుకు అన్నదాంట్లో తప్పు లేదని ఆయన చెబుతున్నట్టు భూదేవి ఒక్కదానికే అర్థమైంది. ఆమె గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

కాసేపటికి ప్రతిభ గట్టు వైపు తిరిగి చూసింది. అప్పటిదాకా సాగదీసి పెట్టిన పొరలన్నీ గుడ్డ కప్పక ఎండిపోయాయి. ఒకదాన్ని ఎత్తబోతే పెళుసుగా విరిగి ముక్కలైంది. అంతా పోయింది. ఆమె చేతులు కడుక్కుని ఫోన్ తీసుకుంది.

"ప్రసన్నలక్ష్మి గారికి కాదని చెప్త. నాతోని అయ్యేటట్టు లేదు."

సమ్మన్న గట్టు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, మైదా డబ్బా చూపించాడు. ముఖం మీద తువ్వాలు లేదన్న సంగతి మరిచిపోయినట్టు, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ప్రతిభ మళ్లీ పిండి కలిపింది. పిండి నానాక ఆమె ఒత్తిచ్చిన పొరను ఒక అంచున భూదేవి, ఇంకో అంచున సమ్మన్న పట్టుకున్నారు. ఆయన అరచేతులు ఖర్రా రుద్ది రుద్ది అరిగి నున్నగా ఉన్నాయి. ఎక్కడ ఎంత బలం పెట్టాలో ఆ వేళ్లకు చెప్పకుండానే తెలిసింది. ఒక్క పొర చిరగలేదు. సచిన్ ఆ రోజు డ్యూటీకి పోలేదు. మూలన కూర్చుని సంత్రాలు ఒలిచాడు. హేమలత అతని జేబులోని పొట్లాలు తీసుకెళ్లి బయట మురుగు మోరీలో పారేసి వచ్చింది. ఆదివారం పొద్దున నలభై ముక్కలూ డబ్బాలో సర్దుకుని సచిన్ బండి మీద ఆవర్‌పూర్ వెళ్లాయి.

నోరు చూపించుకోవడానికి సోమవారం నాగ్‌పూర్ వెళ్దామని ప్రతిభ అంటే సచిన్ వెనకాడాడు. వచ్చే వారం చూద్దామన్నాడు. అంతలో సమ్మన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. తన పరీక్షలకు రమ్మంటే రెండు నెలలుగా ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటున్న మనిషి ఆయన. ఇక సచిన్ కూడా బయల్దేరాడు. ప్రతిభ ఇద్దరి వెంటా వెళ్లింది.

డాక్టరు ఇద్దరినీ చూశాడు. సచిన్ చెంప లోపల తెల్ల మచ్చలున్నాయి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఎనిమిది రోజుల తర్వాత ముగ్గురూ మళ్లీ వెళ్తే ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. కానీ చెంపల కండ గట్టిపడుతోంది. ఖర్రా పూర్తిగా మానేసి, రోజూ నోరు తెరిచే కసరత్తు చేస్తే ఇంకా బిగుసుకుపోకుండా ఆపొచ్చు. మానకపోతే ఎటు పోతుందో మీ నాన్నను చూస్తే తెలుస్తుంది కదా అన్నాడు డాక్టరు. తర్వాత సమ్మన్నను బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లలిద్దరినీ లోపలికి పిలిచాడు. మెడలో గడ్డ తిరగబెట్టింది. ఇంకో ఆపరేషన్‌కు ఆ ఒళ్లు తట్టుకోదు. నొప్పి లేకుండా చూసుకోండి, ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. ఎన్ని నెలలని సచిన్ అడిగితే వేసవి దాకా ఉంటాడని చెప్పలేనన్నాడు.

బయట వరండాలో గోడ పట్టుకుని ప్రతిభ నిలబడిపోయింది.

"నేను పుణెల ఉన్నప్పుడు అవ్వ ఫోన్ చేసింది అన్నా. నాలుగేండ్ల కింద. నాయిన కారం తింటలేడు, ఛాయ్ కూడ చల్లార్చుకోని తాగుతుండు అని చెప్పింది. నేనేమన్ననో తెలుసా? పెరుగు పెట్టుమన్న. ఓవెన్‌ల ట్రే ఉంది, తర్వాత మాట్లాడ్త అని పెట్టేసిన. తినేటియి చేసుడే నా పని. మా నాయిన ఏం తింటలేడో నాకు అర్థం కాలె."

"నేను ఇంట్లనే ఉన్న గద" అన్నాడు సచిన్. "ఆయన పక్కన కూసోనే తిన్న గద. నాకు అర్థమయిందా?"

ఇద్దరూ కళ్లు తుడుచుకుని వచ్చేసరికి సమ్మన్న బెంచీ మీద ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. ఏమన్నారని అడగలేదు. బస్సులో చంద్రపూర్ వచ్చేదాకా సచిన్ భుజం మీద తల పెట్టి పడుకున్నాడు.

మర్నాడు ఆయన ఠేలా మాటెత్తాడు. దాన్ని విప్పేసి తుక్కు కింద ఇచ్చేయమన్నాడు. ప్రమోద్ దగ్గరి నుంచి సచిన్ అప్పటికే తాళంచెవి తిరిగి తెచ్చాడు.

"తుక్కుకు ఎందుకు నాయినా? సాఫ్ చేసి రంగేసుకుంట. నా మిఠాయి అక్కడ పెట్టి అమ్ముత" అంది ప్రతిభ.

సమ్మన్న వద్దన్నాడు. ఆ జాగాలో ఏమీ వద్దన్నాడు. ఆ రేకులు అక్కడ కనిపిస్తే పాత గిరాకీలు ఇంకా వస్తారని, వచ్చినవాళ్లకు అలవాటు గుర్తొస్తుందని మెల్లమెల్లగా, ఒక్కో మాటా రెండుసార్లు పలికి చెప్పాడు. విప్పేటప్పుడు తానూ వస్తానన్నాడు.

గురువారం పొద్దున వెల్డింగ్ పని చేసే మారుతి తన మనిషితో వచ్చి ఠేలా రేకులు విప్పడం మొదలుపెట్టాడు. సమ్మన్న పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పని జరుగుతుంటే దారిన పోయేవాళ్లు ఆగారు. ఆటోవాళ్లు, హమాలీలు, గనికి పోయే కుర్రాళ్లు ఒక పది పదిహేను మంది పోగయ్యారు. అందరూ పాతవాళ్లే. ఒకాయన మరాఠీలో నవ్వుతూ అడిగాడు. "కాకా, కొత్త ఠేలా పెడుతున్నావా? నీ చేతి ఖర్రా తిని ఎన్నాళ్లయిందో!"

సమ్మన్న లేచి తువ్వాలు తీశాడు.

నవ్విన మనిషి రెండడుగులు వెనక్కి వేశాడు. మారుతి చేతిలో సుత్తి ఆగిపోయింది. సమ్మన్న ఏదో చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఆయన సచిన్ వైపు చూశాడు. ఇంటికి చుట్టాలొస్తే తండ్రిని వెనక గదిలో కూర్చోబెట్టిన కొడుకు సచిన్. ఇప్పుడు అందరి ముందూ ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మా నాన్న ఏమంటున్నాడంటే," సచిన్ మరాఠీలో గట్టిగా చెప్పాడు, "ఖర్రా తినే నాకు ఇలా అయింది. మీకు అమ్మింది కూడా నేనే. నన్ను మాఫ్ చేయండి అంటున్నాడు."

సమ్మన్న తలూపాడు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి మళ్లీ మాట్లాడాడు. ఈసారి సచిన్ ముఖం మారిపోయింది. జనం వైపు తిరిగి, "అందరూ డాక్టరుకు చూపించుకోండి అంటున్నాడు" అన్నాడు.

ముప్పై ఏళ్లు మరాఠీ గిరాకీలతో మాట్లాడిన మనిషి సమ్మన్న. కొడుకు మాట మార్చాడని తెలిసి, కాదని తల అడ్డంగా ఊపాడు. అదే మాట మళ్లీ చెప్పాడు. దూరంగా నిలబడిన ప్రతిభకు స్పష్టంగా వినిపించింది. వీడు నా కొడుకు, వీనికి పన్నెండేండ్లప్పుడు నేనే నా చేతులతో అలవాటు చేసిన, గది గూడ చెప్పు.

"నాయినా, గది నాతోని గాదు."

సమ్మన్న భుజం మీది చెయ్యి తీయలేదు. సచిన్ కళ్ల నుంచి నీళ్లు కారుతుండగానే ఆ మాట మరాఠీలో ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి, తండ్రి వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "నువ్వు నేర్పినవ్ నాయినా, సరే. పెద్దగైనంక, నిన్ను చూసినంక కూడ తిన్న గద. గది నేను చేసిందే. గదొక్కటి నీ మీద ఏస్కోకు." సమ్మన్న కొడుకు తల దగ్గరికి లాక్కుని, ఆ గుంట పడ్డ చెంపకు ఆనించుకున్నాడు. అడిగిన మనిషి మరి అక్కడ నిలబడలేక తల వంచుకుని వెళ్లిపోయాడు. మారుతి సుత్తి పక్కన పెట్టి ముఖం తిప్పుకున్నాడు.

ఆ చలికాలమంతా ఇంట్లో పని పెరిగింది. ఆవర్‌పూర్ నుంచి, రాజురా నుంచి కూడా ఆర్డర్లు వచ్చాయి. సంక్రాంతి దాటేదాకా సమ్మన్న రోజూ పొరలు పట్టాడు. ఫిబ్రవరిలో ఆయన చేతులు లేవడం మానేశాయి. మంచం పట్టాడు. కస్టర్డ్ కూడా రెండు చెంచాల కన్నా దిగడం లేదు.

ఒక మధ్యాహ్నం ప్రతిభ ట్రే దించగానే ఆయన మంచం మీది నుంచి చెయ్యి ఊపి పిలిచాడు. ఒక ముక్క తెమ్మన్నాడు. ఆమె పళ్లెంలో పెట్టుకుని వెళ్లింది. ఆయన భూదేవిని చూపించాడు. తినమన్నాడు.

భూదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను తినలేదు బిడ్డా, ఒక్కనాడు కూడ" అంది కూతురితో. "నువ్వు చేసినకాడికెల్లి ఒక్క ముక్క ముట్టలేదు. ఆయన నమలకుంట ఉంటే నేనెట్ల నములుదు? ఆయనకు తెల్వదనుకున్న."

సమ్మన్న ఆమె మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగి, తన చెవి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తిను అని మళ్లీ సైగ చేశాడు. భూదేవి ముక్క ఎత్తి కొరికింది. పొరలు కరకరమంటూ విరిగాయి. ఆ చప్పుడు ఆ చిన్న గదిలో అందరికీ వినిపించింది. నెయ్యి, సంత్రా వాసన గదంతా నిండింది. సమ్మన్న కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆమె ఆగితే చేత్తో తట్టి ఇంకా అన్నాడు. ఆమె ఏడుస్తూనే నమిలింది. ఆయన చొక్కా మీద, దుప్పటి మీద పొరల ముక్కలు రాలాయి. వాటిని దులపడానికి ప్రతిభ చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఎట్లుంది?" అని ఆయన అడిగాడు.

"మంచిగుంది" అంది భూదేవి. "నీ బిడ్డ మంచిగ చేసింది."